యూనిక్స్ టెర్మినల్‌లో కీబోర్డు మొరాయించినప్పుడు

కొంతకాలము క్రిందట ప్రచారకార్యముపై ఒక గ్రామమునకు వెళ్లితిని. ఆ ఊరి గ్రంథాలయములో ఒక యువకుడు పుస్తకముల పట్టికను కంప్యూటరులోనికి ఎక్కించుచుండెను. కంప్యూటరు పాతది. అందులో లినక్స్ అను ఉచిత వ్యవస్థ కలదు. యువకుడు టెర్మినల్ అనబడు నల్లని కిటికీలో ఒక చిన్న ఎడిటరును తెరచి రెండు గంటలుగా శ్రమించుచుండెను. చేసిన పనిని భద్రపరుపవలెనని తలంచి, ఇతర ప్రోగ్రాములలో అలవాటైన చొప్పున కంట్రోల్ మీటను పట్టి ఎస్ మీటను నొక్కెను. అంతటితో తెర కదలక నిలిచిపోయెను. ఏ మీటను నొక్కినను అక్షరము రాదు. అతడు కీబోర్డును విదలించి చూచెను. తీగను ఊడదీసి మరల తగిలించెను. ఎంటర్ మీటను పదిసారులు కొట్టెను. తుదకు విసిగి కరెంటు ఆపివేసెను. రెండు గంటల శ్రమ క్షణములో పోయెను. గ్రంథాలయ పెద్దలు క్రొత్త కీబోర్డు కొనవలెనని తీర్మానించుకొనిరి. యువకుడు మాత్రము తల వంచుకొని, "ఈ పని నాకు చేతగాదండీ" అనెను.

ప్రక్కన నిలిచియున్న నాకును ఆనాడు ఏమియు తోచలేదు. తెలిసినవారిని అడిగి తరువాత గ్రహించినది ఇది: కీబోర్డు చెడలేదు. యువకుని చేతిలో లోపము లేదు. కంట్రోల్ పట్టి క్యూ మీటను ఒక్కసారి నొక్కియున్నచో తెర మరల కదలెడిది, రెండు గంటల పని దక్కెడిది. ఇట్టి నష్టము మరియొకరికి కలుగకుండవలెననియే ఈ పాఠము వ్రాయబడినది.

ఇందు చెప్పబడు ఆజ్ఞలను తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. టెర్మినల్‌లో వానిని ఇంగ్లీషు చిన్న అక్షరములతో కొట్టవలెను. "కంట్రోల్-క్యూ" అని వ్రాసినచోట కంట్రోల్ మీటను అదిమి పట్టి క్యూ మీటను నొక్కవలెనని గ్రహింపవలెను.

యూనిక్స్, టెర్మినల్ అననేమి?

1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మున్నగువారు యూనిక్స్ అను వ్యవస్థకు పునాది వేసిరి. కంప్యూటరులోని యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులను నడిపించునది ఈ వ్యవస్థ. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ అదే పద్ధతిననుసరించి లినక్స్‌ను ఆరంభించెను. నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల పనిచేయు మూలభాగము లినక్సే. ఉచితముగా లభించుటచేతను, పాత యంత్రములపై సహితము నడచుటచేతను గ్రామీణ విద్యార్థికి ఇది మిక్కిలి అనుకూలమైనది.

టెర్మినల్ కథ మరికొంత పాతది. ఒకప్పుడు మన దేశమున తంతి కార్యాలయములలోను, పత్రికా కార్యాలయములలోను టెలిప్రింటరు యంత్రములు టకటక మ్రోగుచుండెడివి. అట్టి యంత్రమునే కంప్యూటరునకు తగిలించి, ఆజ్ఞలను దానిపై కొట్టి, జవాబును కాగితముపై అచ్చు వేయించుకొనెడివారు. 1963లో వెలువడిన టెలిటైప్ మోడల్ 33 అను యంత్రము ఇందుకు ప్రసిద్ధి. అది సెకనుకు 10 అక్షరములు మాత్రమే అచ్చు వేయగలిగెడిది. టెలిటైపు అను పేరును కుదించి యూనిక్స్‌లో టి.టి.వై. అనిరి. మన దేశమున టెలిగ్రాము సేవ 2013లో ముగిసినది. కాని నేటి టెర్మినల్ కిటికీ తాను ఒక టెలిటైపుననియే భావించుచు, ఆనాటి మర్యాదలనే పాటించుచున్నది. మనకు కలుగు చిక్కులలో పెక్కింటికి ఈ పాత మర్యాదలే కారణము.

అక్షరము నడచు దారి

మీటను నొక్కగానే అక్షరము తెరపై కనబడుటచేత, కీబోర్డే దానిని తెరపై వ్రాయుచున్నదని తలంతుము. అది పొరపాటు. మీట నుండి బయలుదేరిన సంకేతము మొదట ఏ భాషలోని ఏ అక్షరమో నిర్ణయించు భాగమునకు చేరును. దీనిని కీబోర్డు లేఅవుట్ అందురు. తరువాత టెర్మినల్ ప్రోగ్రాము దానిని సంఖ్యగా మార్చి పంపును. ఆ సంఖ్య వ్యవస్థలోని టి.టి.వై. భాగమును చేరును. ఆ భాగము పంక్తి పూర్తియగువరకు అక్షరములను పోగుచేసి, తుడుపుమన్నచో తుడిచి, ఆపుమన్నచో ఆపి, తుదకు షెల్ అనబడు ఆజ్ఞాగ్రాహకునకో, మరియొక ప్రోగ్రామునకో అందించును. మనకు తెరపై కనబడు అక్షరము ఆ టి.టి.వై. భాగము గాని, ప్రోగ్రాము గాని తిరిగి పంపిన ప్రతి. దీనిని ఎకో, అనగా ప్రతిధ్వని, అందురు. రిజిస్టరు ఉత్తరమునకు వచ్చు రసీదు వంటిది ఇది. రసీదు రానంత మాత్రమున ఉత్తరము చేరలేదని చెప్పరాదు కదా!

చెరువు క్రింద చివరి మడికి నీరు రానప్పుడు చెరువు ఎండెనని నీరుగంటి కేకలు వేయడు. తూము వద్ద మొదలిడి కాలువ వెంట నడచును. ఎచ్చట గండి పడినదో, ఎచ్చట అడ్డు పడినదో చూచును. కీబోర్డు చిక్కులయందును ఇదే పద్ధతి. మీట, లేఅవుట్, టెర్మినల్, టి.టి.వై., ప్రోగ్రాము అను అయిదు చోట్లను వరుసగా పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష

అన్నిటికంటె ముందు కీబోర్డు నిర్దోషియో కాదో తేల్చుకొనవలెను. అదే కంప్యూటరులో మరియొక కిటికీని తెరచి నాలుగు అక్షరములు కొట్టి చూడుడు. అచ్చట అక్షరములు వచ్చినచో కీబోర్డునందు దోషము లేదు. కిటికీలు కదలనిచో, పెక్కు లినక్స్ యంత్రములలో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 అను మూడు మీటలను కలిపి నొక్కిన వేరొక టెర్మినల్ తెర వచ్చును. అది వచ్చినను కీబోర్డు బ్రతికియున్నట్లే. ఈ పరీక్షకు అర నిమిషము పట్టదు, ఖర్చు లేదు. అచ్చటను అక్షరము రానప్పుడే తీగను, మీటల క్రింది దుమ్మును చూడవలెను.

^ గుర్తును చదువు విధము

టెర్మినల్‌లో అప్పుడప్పుడు టోపీ వంటి ^ గుర్తును, దాని ప్రక్క ఒక అక్షరమును కనుగొందుము. ఆ గుర్తును కంట్రోల్ అని చదువవలెను. ^ ప్రక్క హెచ్ ఉన్నచో కంట్రోల్-హెచ్ అని అర్థము. కంట్రోల్‌తో కలిసిన ఇంగ్లీషు అక్షరము, అక్షరమాలలో తన వరుస సంఖ్యనే పంపును. సి మూడవది గనుక 3, డి 4, హెచ్ 8, జె 10, ఎమ్ 13, క్యూ 17, ఎస్ 19, జడ్ 26. జడ్ తరువాతి 27 ఎస్కేప్ మీటకు చెందినది. దానిని ^ ప్రక్క ఎడమ చదరపు బ్రాకెటుతో చూపుదురు. ఈ ఒక్క సూత్రము తెలిసినచో తెరపై కనబడు వింత గుర్తులు భయపెట్టవు.

ఏ మీట ఏ సంఖ్యను పంపుచున్నదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. షెల్ వద్ద కంట్రోల్-వి నొక్కి, వెంటనే అనుమానమున్న మీటను నొక్కవలెను. ఆ మీట పని చేయుటకు మారుగా తన సంకేతమును తెరపై చూపును. వైద్యునకు నాడి ఎట్టిదో మనకు కంట్రోల్-వి అట్టిది.

ఒకటవ చిక్కు: తెర నిలిచిపోవుట

పైన చెప్పిన యువకునికి కలిగినది ఇదియే. టెలిటైపు కాలమున కాగితపు చుట్టపై రంధ్రములుగా ఉన్న సమాచారమును యంత్రము చదువుచుండగా, ఆపుమని చెప్పుటకు 19వ సంకేతమును, సాగుమని చెప్పుటకు 17వ సంకేతమును పంపెడివారు. అవియే కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూ. కాగితపు చుట్టలు పోయినను ఆ ఏర్పాటు నిలిచినది. కావున తెర ఆకస్మికముగ నిలిచినచో మొదట కంట్రోల్-క్యూ నొక్కి చూడవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. నిలిచిపోయినది తెరయే. మీరు కొట్టు మీటలు పోవుటలేదు. అవి లోపల వరుసగా పేరుకొనుచుండును. తెర విడివడినంతనే అన్నియు ఒక్కసారిగ అమలు జరుగును. కోపముతో కొట్టిన మీటలలో తొలగించుటకో, ముగించుటకో సంబంధించిన ఆజ్ఞ ఉన్నచో అదియు జరిగిపోవును. కావున తెర నిలిచినప్పుడు చేతులు వెనుకకు తీసికొనుడు.

ఈ పాత ఏర్పాటు అక్కరలేనివారు "ఎస్‌టిటివై" అని కొట్టి, ఖాళీ విడిచి, అడ్డగీత పెట్టి, దానికి ఆనించి "ఐఎక్స్ఓఎన్" అని కొట్టి ఎంటర్ నొక్కవలెను. అప్పటి నుండి ఆ కిటికీలో కంట్రోల్-ఎస్ తెరను ఆపదు. బాష్ షెల్ వాడువారు ఇదే పంక్తిని తమ ఇంటి డైరెక్టరీలో చుక్కతో మొదలగు "బాష్‌ఆర్‌సి" ఫైలు చివర చేర్చినచో, క్రొత్తగా తెరచు ప్రతి కిటికీకిని వర్తించును.

రెండవ చిక్కు: కొట్టినది కనబడకుండుట

మీటలు పనిచేయును, ఆజ్ఞలు అమలగును, కాని కొట్టిన అక్షరములు మాత్రము కనబడవు. ఎకో ఆగిపోవుటయే దీనికి కారణము. రహస్యపదము, అనగా పాస్‌వర్డు, అడుగు ప్రోగ్రాములు ప్రక్కవారు చూడకుండుటకై ఎకోను ఆపును. అది మంచి ఏర్పాటే. ఆ సమయమున అక్షరములు గాని, చుక్కలు గాని కనబడకుండుట సహజము. కాని అట్టి ప్రోగ్రాము నడుమ తెగిపోయినచో, ఎకోను మరల తెరువకయే పోవచ్చును.

దీనికి మందు "ఎస్‌టిటివై", ఖాళీ, "ఎస్ఎఎన్ఇ" అను ఆజ్ఞ. రెండవ మాటను సేన్ అని పలుకుదురు. స్వస్థమైన అని దాని అర్థము. మొదట కంట్రోల్-సి నొక్కి అంతకు ముందు కొట్టినదానిని రద్దు చేయవలెను. తరువాత, కనబడకపోయినను నెమ్మదిగా ఈ ఆజ్ఞను కొట్టి ఎంటర్ నొక్కవలెను. టి.టి.వై. భాగము స్వస్థత పొందును.

ఈ సందర్భముననే గొప్ప ప్రమాదము దాగియున్నది. పాస్‌వర్డు అడుగుచున్నదని భ్రమించి, షెల్ వద్దనే దానిని కొట్టి ఎంటర్ నొక్కినవారు కలరు. అట్లు కొట్టిన పాస్‌వర్డు తెరపై బయటపడుటయే గాక, షెల్ తన ఆజ్ఞల చరిత్రలో దానిని వ్రాసికొనును. అట్లు జరిగినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే ఆ పాస్‌వర్డును మార్చవలెను.

మూడవ చిక్కు: ఎంటర్ నొక్కిన ^ ప్రక్క ఎమ్ వచ్చుట

ఎంటర్ మీట పంపునది 13వ సంకేతము. యూనిక్స్‌లో పంక్తి ముగింపునకు గుర్తు 10వ సంకేతము. 13ను 10గా మార్చు బాధ్యత టి.టి.వై. భాగమునది. ఒక ప్రోగ్రాము ఆ మార్పును ఆపి, మరల తెరువక కూలిపోయినచో, ఎంటర్ నొక్కినప్పుడు ^ గుర్తును ఎమ్ అక్షరమును కనబడి, ఆజ్ఞ కదలదు. ఇట్టిచో సేన్ ఆజ్ఞను కొట్టి, ఎంటర్‌కు బదులు కంట్రోల్-జె నొక్కవలెను. అది 10వ సంకేతమును తిన్నగా పంపును. ఎంటర్ మీట మరల పనిలోనికి వచ్చును.

ఒకప్పుడు బొమ్మ ఫైలునో, ప్రోగ్రాము ఫైలునో పొరపాటున తెరపై కుమ్మరించినచో, దానిలోని 14వ సంకేతము టెర్మినల్‌ను వేరొక అక్షరశ్రేణికి మార్చును. తరువాత కొట్టినదెల్ల గీతలుగను, వింత గుర్తులుగను కనబడును. కీబోర్డు పిచ్చెక్కినదని అనుకొనుదురు. "ఆర్ఇఎస్ఇటి", అనగా రీసెట్, అని కొట్టి ఎంటర్ నొక్కిన టెర్మినల్ మరల యథాస్థితికి వచ్చును. సేన్ ఆజ్ఞ టి.టి.వై. భాగమును మాత్రమే సరిచేయును. రీసెట్ తెరను సహితము సరిచేయును. ఇదియే భేదము.

నాలుగవ చిక్కు: బ్యాక్‌స్పేస్ తుడువకుండుట

తప్పు అక్షరమును తుడుచుటకు బ్యాక్‌స్పేస్ నొక్కగా, అది తుడువక ^ గుర్తును హెచ్ అక్షరమును గాని, ^ గుర్తును ప్రశ్నార్థకమును గాని తెరపై వేయుట చాలమందికి అనుభవమే. దీనికి మూలము కాగితపు చుట్టలోనే కలదు. ఆ చుట్టపై ఒక్కొక్క అక్షరమునకు ఏడు రంధ్రముల స్థానములు ఉండెడివి. ఒకసారి పొడిచిన రంధ్రమును పూడ్చుట అసాధ్యము. కావున తప్పు పడినచోట ఏడు స్థానములను పొడిచి, ఆ గుర్తును లెక్కింపవద్దని ఏర్పాటు చేసికొనిరి. ఏడును పొడిచిన సంకేతము 127. తొలగింపు అను అర్థమున దానికి డెల్ అని పేరు. బండిని ఒక అక్షరము వెనుకకు జరుపు సంకేతము మరియొకటి కలదు. అది 8, అనగా కంట్రోల్-హెచ్. తొలిదినముల యూనిక్స్‌లో ఈ రెండును గాక, # గుర్తుతో ఒక అక్షరమును, @ గుర్తుతో మొత్తము పంక్తిని రద్దు చేసెడివారు.

తరువాత వచ్చిన టెర్మినల్‌లలో కొన్ని 8ని, కొన్ని 127ను తుడుపునకు ఎన్నుకొనినవి. నేటికిని ఆ భేదము మిగిలియున్నది. మీట పంపునది ఒకటి, టి.టి.వై. ఎదురుచూచునది మరియొకటి అయినప్పుడే చిక్కు. షెల్ రెండింటిని అర్థము చేసికొనుటచేత అచ్చట అంతయు బాగుగ నున్నట్లు తోచును. పాస్‌వర్డు అడుగుచోట గాని, మరియొక చిన్న ప్రోగ్రాములో గాని లోపము బయటపడును.

టి.టి.వై. దేనికై ఎదురుచూచుచున్నదో తెలిసికొనుటకు "ఎస్‌టిటివై", ఖాళీ, అడ్డగీత, దానికి ఆనించి "ఎ" అని కొట్టవలెను. ఏర్పాట్లన్నియు కనబడును. వానిలో "ఇరేజ్" అను మాట ఎదుట ఉన్నదే తుడుపు సంకేతము. కంట్రోల్-వి ఉపాయముతో మీట పంపునది చూడుడు. రెండును వేరైనచో "ఎస్‌టిటివై", ఖాళీ, "ఇఆర్ఎఎస్ఇ", ఖాళీ కొట్టి, కంట్రోల్-వి నొక్కి, బ్యాక్‌స్పేస్ నొక్కి, ఎంటర్ నొక్కవలెను. అంతటితో రెండును ఏకమగును.

అయిదవ చిక్కు: బాణపు మీటలు అక్షరములు కురిపించుట

బాణపు మీటలకు ఒంటరి సంకేతము లేదు. పై బాణమును నొక్కినచో ఎస్కేప్, చదరపు బ్రాకెటు, ఎ అను మూడు సంకేతములు వరుసగా బయలుదేరును. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1978లో తెచ్చిన వి.టి.100 టెర్మినల్ ద్వారా ఇట్టి సంకేతములు వ్యాప్తి చెందినవి. ప్రోగ్రాము ఆ మూడింటిని కలిపి ఒక బాణముగా గ్రహింపవలెను. గ్రహింపలేనిచో అవి తెరపై అక్షరములుగా రాలును.

కారణములు రెండు. మీరున్న ప్రోగ్రామునకు పంక్తిని దిద్దు శక్తి లేకపోవుట మొదటిది. అట్టిచో బ్యాక్‌స్పేస్‌తోనే పని గడుపుకొనవలెను. టెర్మినల్ పేరు తప్పుగా నమోదగుట రెండవది. "ఎకో" అను ఆజ్ఞను కొట్టి, ఖాళీ విడిచి, $ గుర్తును, దానికి ఆనించి "టర్మ్" అను మాటను ఇంగ్లీషు పెద్ద అక్షరములతో కొట్టినచో ఆ పేరు కనబడును. ఇచ్చట పెద్ద అక్షరములే ఉండవలెను. దూరమునున్న కంప్యూటరునకు ఈ పేరు తెలియనిచో బాణపు మీటలు, తెర శుభ్రపరచుట మున్నగునవి తప్పును. "టర్మ్" పెద్ద అక్షరములతో, సమాన గుర్తు, "ఎక్స్‌టర్మ్" చిన్న అక్షరములతో, నడుమ ఖాళీలు లేక కొట్టి ఎంటర్ నొక్కిన, చాల సందర్భములలో పని సాగును.

తెలుగు వ్రాయువారికి ప్రత్యేకముగ

తెలుగువారికి రెండు చిక్కులు అదనముగ కలవు. మొదటిది లేఅవుట్. తెలుగు కీబోర్డు అమరికలో నుండగా ఆజ్ఞను కొట్టినచో తెలుగు అక్షరములే పోవును. షెల్ ఆ ఆజ్ఞ కనబడలేదనును. తెరపై చూచి ఈ తప్పును వెంటనే పసిగట్టవచ్చును. కాని పాస్‌వర్డు కొట్టునప్పుడు ఏమియు కనబడదు గనుక, సరియైన పాస్‌వర్డే తప్పని తిరస్కరింపబడును. మరల మరల ప్రయత్నించినచో కొన్ని వ్యవస్థలు ఖాతాను మూసివేయును. కావున పాస్‌వర్డు ఒకసారి తిరస్కరింపబడగానే ఆగి, భాష గుర్తును, క్యాప్స్ లాక్ దీపమును చూడవలెను. గ్నోమ్ తెర వాడువారు విండోస్ గుర్తుగల మీటను పట్టి స్పేస్ నొక్కిన భాష మారును.

రెండవది సంఖ్యల చిక్కు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యు.టి.ఎఫ్-8 అను పద్ధతిలో తెలుగు అక్షరమునకు, గుణింతపు గుర్తునకు మూడేసి బైట్లు పట్టును. యూనిక్స్ నిర్మాత కెన్ థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి 1992లో ఈ పద్ధతిని రూపొందించెను. "తెలుగు" అను మాటలో మూడు అక్షరములు, మూడు గుణింతపు గుర్తులు కలవు. ఆరు మూళ్లు పదునెనిమిది, కావున ఆ మాటకు 18 బైట్లు. టి.టి.వై. భాగమునకు ఈ సంగతి తెలియనిచో, బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు మూడు బైట్లలో ఒక్కటి మాత్రమే తుడిచి, విరిగిన రెండింటిని మిగుల్చును. తెరపై అక్షరము పోయినట్లే ఉండును. ఫైలులో మాత్రము ముక్క నిలిచియుండును. పట్టికలో ఒక రైతు పేరో, విద్యార్థి పేరో ఇట్లు చెడినచో, తరువాత వెదకినను ఆ పేరు దొరకదు.

దీనిని నివారించుటకు "ఎస్‌టిటివై", ఖాళీ, "ఐయుటిఎఫ్8" అని కొట్టవలెను. ఏర్పాట్ల పట్టికలో ఈ మాటకు ముందు అడ్డగీత ఉన్నచో అది ఆగియున్నదని, లేనిచో పనిచేయుచున్నదని గుర్తు. "ఎల్ఓసిఎఎల్ఇ", అనగా లోకేల్, అను ఆజ్ఞను కొట్టి, వచ్చిన పంక్తులలో యు.టి.ఎఫ్-8 అని ఉన్నదో లేదో చూచుకొనవలెను.

అన్నియు సరిగా నున్నను "క్ష" వంటి సంయుక్తాక్షరమును తుడుచుటకు మూడుసారులు నొక్కవలసి రావచ్చును. కకారము, పొల్లు, షకారము అని అందు మూడు భాగములు కలవు. అది దోషము కాదు. అనేక టెర్మినల్‌లలో ఒత్తులు, గుణింతములు సరిగ అమరవు గనుక, పెద్ద తెలుగు రచనలను బొమ్మల తెరపైనుండు ఎడిటరులో వ్రాసికొని, టెర్మినల్‌ను ఆజ్ఞలకు వాడుకొనుట మేలు.

ప్రోగ్రాము మాయమైనప్పుడు, లైను తెగినప్పుడు

కంట్రోల్-సి నడచుచున్న ప్రోగ్రామును ముగింపుమని చెప్పును. కంట్రోల్-డి ఇక చెప్పవలసినది లేదని తెలుపును. ఖాళీ పంక్తిపై నొక్కినచో షెల్ మూతపడును. కంట్రోల్-జడ్ ప్రోగ్రామును ముగింపక నిద్రపుచ్చును. ఎడిటరులో ఉండగా పొరపాటున దీనిని నొక్కినవారు పని పోయినదని దుఃఖింతురు. పని పోలేదు. "ఎఫ్‌జి" అని కొట్టి ఎంటర్ నొక్కిన, ఎడిటరు మరల ముందుకు వచ్చును.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరమునున్న కంప్యూటరుపై పనిచేయునప్పుడు నెట్‌వర్కు తెగినచో ఏ మీటయు పలుకదు, కంట్రోల్-క్యూ సహితము పనిచేయదు. అప్పుడు ఎంటర్ నొక్కి, ~ గుర్తును, వెంటనే చుక్కను కొట్టవలెను. తెగిన సంబంధము ముగిసి మీ సొంత షెల్ చేతికి వచ్చును. నెట్‌వర్కు నిలకడలేని పల్లెలలో పనిచేయువారు దూరపు కంప్యూటరును చేరగానే "టిమక్స్" అను ప్రోగ్రామును తెరచి, దానిలో పని చేయుట మంచిది. లైను తెగినను పని అచ్చటనే నిలిచియుండును. మరల చేరి "టిమక్స్", ఖాళీ, "అటాచ్" అని కొట్టినచో విడిచినచోటనే మొదలిడవచ్చును.

గుర్తుంచుకొనదగినవి

1. తెర నిలిచినచో చేతులు తీసి, కంట్రోల్-క్యూ నొక్కుడు.
2. వేరొక కిటికీలో కీబోర్డును పరీక్షింపుడు.
3. భాష గుర్తును, క్యాప్స్ లాక్‌ను చూడుడు.
4. అక్షరములు కనబడనిచో కంట్రోల్-సి నొక్కి, సేన్ ఆజ్ఞను కొట్టి ఎంటర్ నొక్కుడు. ఎంటర్ పనిచేయనిచో కంట్రోల్-జె నొక్కుడు.
5. వింత గుర్తులు వచ్చినచో రీసెట్ ఆజ్ఞను కొట్టుడు.
6. ప్రోగ్రాము మాయమైనచో ఎఫ్‌జి కొట్టుడు.
7. దూరపు లైను తెగినచో ఎంటర్, ~, చుక్క.
8. కరెంటు ఆపుట అన్నిటికిని చివరి ఉపాయము. భద్రపరుపని పని దానితో పోవును.

కొన్ని మాసముల తరువాత ఆ గ్రామమునకు మరల వెళ్లితిని. ఈ ఎనిమిది పంక్తులను పెద్ద అక్షరములతో వ్రాసి, ఆ యువకుడు గ్రంథాలయపు కంప్యూటరు ప్రక్కన గోడకు అంటించియుండెను. పోయిన పట్టికను అతడు మరల మొదటి నుండి ఎక్కించి పూర్తిచేసెను. క్రొత్త కీబోర్డు కొనుట మానుకొని, పెద్దలు ఆ సొమ్ముతో బాలలకు పుస్తకములు తెప్పించిరి. నా కన్నుల ఎదుటనే ఒక బాలిక కంట్రోల్-ఎస్ నొక్కి తెరను నిలిపివేసెను. ఆమె ఎవరిని పిలువలేదు. గోడవైపు ఒకసారి చూచి, కంట్రోల్-క్యూ నొక్కి, తన పని తాను సాగించుకొనెను.